చెట్టు కింద కారు పెట్టబోయే మా చిన్నాకి

చిరంజీవి చిన్నాకి మీ అత్త ఆశీస్సులు.

నువ్వు కారు కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. పొదలకూరులో మా వీధంతా చెప్పుకొచ్చాను. సాయంత్రం మళ్ళీ చేసి, నెల్లూరు దర్గామిట్టలో నీ అద్దింటికి షెడ్డు లేదు, కారుని పక్కింటాయన వాళ్ళ నిద్రగన్నేరు చెట్టు కింద పెడతావంట అనింది. ఇంక నాకు అన్నం సయించలా.

బండి సెకండ్ హ్యాండ్‌ది గదా. ఆర్సీ ఒక్కటి మార్పించుకుంటే చాలదు, ఇన్సూరెన్స్ పాలసీ కూడా నీ పేరుకి మార్చమని కొన్న 14 రోజుల్లోపల అడగాల. అడక్కపోతే థర్డ్ పార్టీ మటుకే నీకు వర్తిస్తుంది. అది నీ బండి ఎదుటివాళ్ళకి చేసే నష్టానికిరా, నీ బండి మీద కొమ్మ పడితే పనికిరాదు. దానికి ఓన్ డ్యామేజీ, అంటే నీ బండికి జరిగే నష్టానికిచ్చే ఇన్సూరెన్స్ ఉండాల. చిన్న సొట్టకి క్లెయిమ్‌కి పోబాక, క్లెయిమ్ చెయ్యనోళ్ళకి ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ పోతుంది.

మీ నాయన నీకు చెప్పుండడు గానీ, 2010లో లైలా తుఫానుకి ఒంగోల్లో ఆయన మారుతి మీద పక్కింటి చెట్టు కొమ్మ విరిగి పడింది. ఆ కొమ్మ మొదట్లో తొర్ర ఉందని ఏడాది ముందునించీ తెలుసు. టీ బంకు దగ్గర చెప్పాడు, నాకు చెప్పాడు, చెట్టు ఓనరుకి మటుకు చెప్పలా. మొహమాటం! పడింతర్వాత మొహమాటం యాడికి పోయిందో, ఆ ఇంటి ముందు నిలబడి నోటికొచ్చినట్టు అరిచాడు. ఆవేశంలో కొమ్మ నరికించి కట్టెల అడితికి తోలేశాడు. ఫోటో ఒక్కటి లేదు.

లాయరు అడిగినవి రెండే. బాగున్న చెట్టు తుఫానుకి విరిగితే ఓనరు తప్పేముంది? పుచ్చిందని తెలిసీ ఊరకున్నాడనాలంటే, ఆయనకి మీరు చెప్పినట్టు కాగితమేది? పుచ్చిన మొద్దేది? మొద్దు అప్పటికే ఎవరి పొయ్యిలోనో కాలిపోయింది. పాలసీ చూస్తే థర్డ్ పార్టీ. రిపేరు డబ్బులు మీ అమ్మ చీటీ పాడి తెచ్చింది. అంతకంటే పాపం, నువ్వు రోజూ ఆ చెట్టు ఓనరు ఇంటికి టీవీ చూడను పోయేవాడివి, ఆ తర్వాత మీ నాయన పోనియ్యలా. గేటు పట్టుకుని ఏడ్చేవాడివి.

అందుకని నువ్వు మీ పక్కింటాయనకి ముందే చెప్పు. నిమ్మకాయలు పంపిస్తా, తీసుకుని వాళ్ళింటికి పో. ఆ చెట్టుకి తొర్రగానీ ఎండుకొమ్మగానీ ఉంటే చూపించి, ఫోటోతో సహా వాట్సాప్‌లో మర్యాదగా పెట్టు. కొట్టెయ్యమని మటుకు అనబాక. చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాల, ఎండుకొమ్మ తీయించమను చాలు. రోడ్డు మీది చెట్టయితే కార్పొరేషన్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. ఢిల్లీలో 1964లో స్కూటరు మీద పోయే మనిషి మీద కొమ్మ పడి చనిపోతే, 1999లో సుప్రీంకోర్టు అక్కడి కార్పొరేషన్‌దే బాధ్యత అనింది.

ఒకవేళ పడిందంటే, కరెంటు తీగ తెగుండొచ్చు, చెప్పుల్లేకుండా పరిగెత్తబాక. లైన్‌మన్ వచ్చిందాకా దగ్గరికే పోబాక. కారు పోతే ఇంకోటి కొనుక్కుంటావు. తర్వాత ఫోటోలు తియ్యి, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పు, నష్టం లెక్కగట్టే వాళ్ళ సర్వేయరు చూసిందాకా కొమ్మ కదిలించనియ్యబాక.

నవంబరు వానలకి ముందే ఇదంతా అయిపోవాల. వాట్సాప్ పెట్టేముందు నాకు పంపు, మాట కటువుగా ఉంటే దిద్దుతా. ఈ ఉత్తరం మీ నాయనకి చూపించబాక.

మీ అత్త