విమానాశ్రయంలో నాన్న చుట్ట వెలిగిస్తే తప్పా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. పొగాకు రైతులం. నిరుడు మా నాన్నను దుబాయ్‌లో ఉన్న మా అక్క దగ్గరికి పంపడానికి ఒక విమానాశ్రయానికి వెళ్లాం. గేటు బయట పోర్టికోలో స్తంభం పక్కన బూడిద డబ్బా కనిపిస్తే, అక్కడ కాల్చుకోవచ్చనుకుని నాన్న చుట్ట వెలిగించారు. యూనిఫాంలో ఉన్న ఒకాయన వచ్చి వెయ్యి రూపాయలు తీసుకున్నాడు, రసీదు ఇవ్వలేదు. ఆరుబయటే కదా, తప్పెలా అవుతుంది? వచ్చే నెల చెన్నై నుంచి మళ్లీ వెళ్తున్నారు. ఎక్కడ కాల్చుకోవచ్చు?

జవాబు: ముందు ఆ వెయ్యి సంగతి. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, సెక్షన్ 4. దానికి శిక్ష సెక్షన్ 21లో ఉంది: జరిమానా 200 రూపాయలు దాటకూడదు. 2025లో దాన్ని వెయ్యికి పెంచుకున్న కర్ణాటకలో తప్ప, వెయ్యి అడగడానికి ఆ సెక్షన్‌లో చోటే లేదు. రసీదు లేకుండా తీసుకున్న డబ్బు జరిమానా కాదు, వసూలు. ఈసారి ఎవరైనా ఆపితే గొడవ పడకండి. పేరు, హోదా అడగండి, రసీదు రాయించుకుని 200 కట్టండి.

అయితే మీ నాన్నగారిది తప్పు కాదని మాత్రం నేను చెప్పలేను. చట్టంలో ఆరుబయలుకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు దాన్ని బాగా కుదించాయి. రైల్వే స్టేషన్, బస్ స్టాప్ లాంటి జనం వచ్చిపోయే చోట్లు పైన ఆకాశం కనిపించినా ఆరుబయలు కిందకి రావు. పోర్టికోకి పైకప్పు కూడా ఉంది. చుట్ట సిగరెట్ కాదనే వాదనా నిలవదు. పొగాకును ఏ రూపంలో కాల్చినా పొగ తాగడమేనని చట్టం విడమరిచి చెప్పింది.

బూడిద డబ్బా ఉంది కదా అంటారేమో. నిజానికి అది అక్కడ ఉండడమే తప్పు. నిషేధం ఉన్న చోట యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ లాంటివి అందుబాటులో ఉంచకూడదని అవే నిబంధనలు యాజమాన్యాన్ని కట్టడి చేశాయి. ఆ డబ్బాను చూసి మోసపోయిన పెద్దాయన మీద నాకు జాలే కలిగింది. కానీ యాజమాన్యం తప్పు మీకు అనుమతి అయిపోదు.

ఇక ఎక్కడ కాల్చుకోవచ్చు అన్నది. విమానాశ్రయాల్లో పొగ తాగేవారికి విడి గది ‘ఏర్పాటు చేయవచ్చు’ అంటుంది చట్టం, ‘చేయాలి’ అనదు. గది ఉంటే వాడుకోవచ్చు, లేకపోతే నిలదీసి అడిగే హక్కు మనకు లేదు. ఆ గది కూడా ఎలా పడితే అలా ఉంటే కుదరదు. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలు, తోసి వదిలితే దానంతటదే మూసుకునే తలుపు, లోపలి పొగ మిగతా భవనంలోకి రాకుండా నేరుగా బయటికి పోయే ఏర్పాటు ఉండాలి. బోర్డు లేని మూల, మెట్ల కింద చోటు, మరుగుదొడ్డి ఇవేవీ లెక్కలోకి రావు. చెన్నైలో లోపలికి వెళ్లగానే సమాచార కౌంటర్‌లో అడగండి, తోటి ప్రయాణికుల మాట నమ్మి వెలిగించకండి. అగ్గిపెట్టె, లైటర్ చేతి సంచిలోనే కాదు, లగేజీలో వేసే పెట్టెలో కూడా పెట్టనివ్వరు. తనిఖీలో తీసేస్తారు.

మూడు గంటల ముందే చేరుకోవాలి, ఆపైన నాలుగు గంటలకు పైగా ప్రయాణం. పొగాకు ఆరబెట్టే బ్యారన్ ముందు నులక మంచం మీద కూర్చుని తీరిగ్గా చుట్ట కాల్చుకునే మనిషికి అది చాలా సేపు. ఆ ఇబ్బంది నాకు తెలుసు. వెళ్లేముందు మీ డాక్టర్‌ని అడిగి నికోటిన్ చూయింగ్ గమ్ లాంటిది తీసుకుంటే మంచిది. విమానం మరుగుదొడ్డిలో మాత్రం వెలిగించొద్దని గట్టిగా చెప్పండి. అక్కడ పొగను పసిగట్టే పరికరం ఉంటుంది. ఆ వ్యవహారం 200తో పోదు, దిగగానే పోలీసులకు అప్పగించవచ్చు.

ఇంకొకటి. చుట్ట మాన్పిద్దామని మీ అక్క అక్కడ ఈ-సిగరెట్ కొనిచ్చి పంపుతుందేమో. దాన్ని మన దేశంలోకి తేవడం 2019 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, రెండూ కూడా పడవచ్చు. ప్రయాణానికి ముందే ఆవిడకి ఫోన్ చేసి చెప్పండి.