ఆ హోరులో రాగం ఎక్కడుంది?

ప్రశ్న: ఎడిటర్ గారికి నమస్కారం. మా అబ్బాయి కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ‘అట్ ద గేట్స్’ అనే స్వీడన్ బృందం చేసిన ‘స్లాటర్ ఆఫ్ ద సోల్’ ఆల్బం వింటూ, మెలోడిక్ డెత్ మెటల్‌లో అంత గొప్పది మరొకటి లేదంటాడు. చిన్నప్పుడు కర్ణాటక గాత్రం నేర్చుకున్న నాకు అందులో అరుపులు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఆ పేరు చూస్తేనే భయం వేస్తోంది. ఇందులో మెలోడీ ఎక్కడుందో, పిల్లలు వినదగినదో కాదో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అమ్మా, మీరు గాత్రం నేర్చుకున్నవారు కనుకనే మీకు ఈ ఇబ్బంది కలిగిందని నా అభిప్రాయం. మన కచేరీలో రాగాన్ని మోసేది గాయకుని గొంతు, వయొలిన్ దానిని అనుసరిస్తుంది. అందువల్ల ఏ పాట విన్నా మన చెవి ముందుగా గొంతులోనే స్వరాలను వెతుకుతుంది. మెలోడిక్ డెత్ మెటల్ అంటే, డెత్ మెటల్ అనే వేగమైన, కటువైన రాక్ శైలికి స్వరపంక్తులు జోడించిన సంగీతం. ఇందులో ఆ బాధ్యత పూర్తిగా రెండు గిటార్లది. గొంతుకు మిగిలింది లయ, ఆగ్రహం మాత్రమే.

ఆ గిటార్లు వాయించినవారు ఆండర్స్ బ్యోర్లర్, మార్టిన్ లార్సన్. మామూలు శ్రుతికంటే బాగా దించిన తీగలను అరచేతి అంచుతో అదిమి వేగంగా మీటుతూ, అంతలోనే చెయ్యి వదిలి ఒక చిన్న స్వరపంక్తిని పైకి లేపుతారు. ఒక్కొక్కసారి ఒకే పంక్తిని ఇద్దరూ వేర్వేరు స్థాయిల్లో జంటగా నడిపిస్తారు. ఆ పంక్తులు ఎక్కువగా పాశ్చాత్యులు మైనర్ అనే స్వరశ్రేణిని ఆశ్రయించి ఉంటాయి. దాని స్వరాలు మన నటభైరవి స్వరాలే, నిషాదాన్ని పెంచితే కీరవాణి అవుతుంది. గమకాలు ఉండవు కాబట్టి రాగమని అనలేము గాని, ఆ దిగులు ఛాయను మీ చెవి తప్పక గుర్తుపడుతుంది.

ఈ ఆల్బం 1995 నవంబరులో ఇయరేక్ అనే రికార్డు సంస్థ ద్వారా వచ్చింది. గోథెన్‌బర్గ్‌లోని ఫ్రెడ్‌మన్ స్టూడియోలో ఫ్రెడ్రిక్ నోర్డ్‌స్ట్రోమ్ దీనిని రికార్డు చేశారు. ఆ నగరం నుంచే డార్క్ ట్రాంక్విలిటీ, ఇన్ ఫ్లేమ్స్ బృందాలు కూడా దాదాపు అదే కాలంలో ఇదే బాటలో నడిచాయి. అయినా ఈ ఆల్బానికి అంతటి స్థానం దక్కడానికి కారణం, నా దృష్టిలో, ఆ బృందం వదులుకున్న వాటిలో ఉంది. 1992లో వచ్చిన వారి మొదటి ఆల్బంలో వయొలిన్ కూడా ఉంది, పాటలు ఎన్నో మలుపులు తిరుగుతూ వినేవారిని తికమక పెడతాయి. మూడేళ్ల తరువాత అదే బృందం ఆ చిక్కులన్నిటినీ విప్పేసి, పల్లవి, చరణం స్పష్టంగా తెలిసే చిన్న పాటలు కట్టి, పదకొండింటిని సుమారు 34 నిమిషాల్లో ముగించింది. అడ్రియన్ ఎర్లాండ్సన్ డ్రమ్స్ ఆపకుండా ముందుకు తోస్తున్నా, ఒక్క స్వరపంక్తి కూడా అవసరానికి మించి సాగదు. చేతిలో ఎంతో విద్య ఉండి కూడా ఇంత పొదుపుగా వాయించడం సామాన్యమైన సంగతి కాదు. తరువాతి పదేళ్లలో అమెరికాలో పుట్టిన మెటల్‌కోర్ (మెటల్, హార్డ్‌కోర్ పంక్ కలిసిన శైలి) బృందాలలో చాలా వరకు ఈ పంక్తుల దగ్గరే పాఠం నేర్చుకున్నాయి.

ఇక ఆ అరుపు. టోమస్ లిండ్‌బర్గ్‌ది డెత్ మెటల్‌లో తరచుగా వినిపించే లోతైన గుర్రుమనే గొంతు కాదు, పై స్థాయిలో చీలిపోయే కేక. మన కోనసీమలో వీరభద్రుడి సంబరాలలో ఖడ్గాలనే స్తుతి వచనాలు చదివేవారు ‘అశ్శరభ శరభ’ అని గర్జించేటప్పుడు అందులో శ్రావ్యత లేదని ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే అక్కడ కావలసింది రౌద్రం. లిండ్‌బర్గ్ గొంతును కూడా ఆ దృష్టితోనే వినాలి. 2025 సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు. ఆ గొంతులో ఉన్నది నటించిన కోపం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆల్బం పేరు చూసి మీరు భయపడడం సహజమే. కాని ఈ పాటలు హత్యలను కొనియాడవు. మనిషి లోపల బతుకు మీద ఆశ చచ్చిపోవడం గురించి, భయం గురించి, అబద్ధాల గురించి మాట్లాడతాయి. అవి చీకటి మాటలే, కాదనను. అయితే ఈ పాటలు వింటున్నంత మాత్రాన కుర్రవాడు చెడిపోతున్నాడనుకోవడం న్యాయం కాదు. అతని నిద్ర, తిండి, స్నేహాలు మారిపోయినట్టు కనిపిస్తే మాత్రం, ఏ సంగీతం వింటున్నాడన్న దానితో నిమిత్తం లేకుండా, దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

మీరు వినదలచుకుంటే మొదటి పాటతో మొదలుపెట్టకండి. అయిదవదైన ‘ఇన్‌టు ద డెడ్ స్కై’లో గొంతే లేదు, ప్రశాంతమైన గిటారు మాత్రమే ఉంటుంది. దాని తరువాత ‘కోల్డ్’ వినండి. కింగ్ డైమండ్ అనే మరో మెటల్ బృందంలోని గిటారిస్టు ఆండీ లారోక్ అతిథిగా వచ్చి వాయించిన సోలో అందులో ఉంది, అది ఎక్కడ మొదలవుతుందో మీ అబ్బాయిని అడిగితే చూపిస్తాడు. గొంతును పక్కన పెట్టి గిటారునే వెంబడించడం అలవాటయ్యాక ‘బ్లైండెడ్ బై ఫియర్’కు రండి. వీలైతే హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఫోను స్పీకరులో ఆ రెండు గిటార్లూ కలగలిసిపోయి మీరన్నట్టు హోరే మిగులుతుంది.