బ్యాంకు అకౌంటుతో వచ్చిన ట్రావెల్ ఇన్సూరెన్సు, స్టెంటు వేయించుకున్న మావారు

మీరు అడిగింది ఇదీ: మీవారికి షుగరు, బీపీ ఉన్నాయి, కిందటేడు గుండెకి స్టెంటు వేశారు. ఆగస్టులో స్పెయిన్ వెళ్దామనుకుంటున్నారు. ఇక్కడ యూకేలో నెలనెలా ఫీజు కట్టే జాయింట్ అకౌంటుతో ట్రావెల్ ఇన్సూరెన్సు ఉంది. అది చాలా, వేరేది కొనాలా?

ఉన్నది ఉన్నట్టుగా చాలదండీ. ఆ ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేసి, ఆయన జబ్బులన్నీ చెప్పి, వాటికి కవర్ ఇస్తున్నామని వాళ్ల దగ్గర నుంచి ఉత్తరమో ఈమెయిలో వచ్చేదాకా మీవారి గుండెకి సంబంధించినంత వరకు మీకు ఇన్సూరెన్సు లేనట్టే అనుకోండి. టికెట్లు ఇంకా కొనకపోతే ముందు ఈ పని చేసి తర్వాతే కొనండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మేము దెబ్బతిన్నాం. మావారికి 2019లో స్టెంటు వేశారు. అప్పటికే నాలుగేళ్లుగా మీలాంటి అకౌంటుకే మేమూ ఫీజు కడుతున్నాం, నెల తప్పలేదు. 2022లో పోర్చుగల్‌కి బుక్ చేసుకున్నాం. బయల్దేరడానికి పది రోజుల ముందు ఆయనకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. జీపీ (మా ఫ్యామిలీ డాక్టరు) చూసి, కార్డియాలజీకి రాసి, అప్పటిదాకా విమానం ఎక్కొద్దన్నారు. విమానాలు, హోటలు కలిపి 1,840 పౌండ్లు. ఇన్సూరెన్సు ఉందిగా అని నేను కంగారు కూడా పడలేదు. క్లెయిమ్ ఫారంతో పాటు జీపీ నింపాల్సిన కాగితం పంపారు. అందులో జీపీ 2019 నాటి స్టెంటు సంగతి రాశారు, రాయాలి కూడా. మూడు వారాల్లో జవాబొచ్చింది: ముందు నుంచీ ఉన్న జబ్బు, మాకు చెప్పలేదు, ఇవ్వం. నా టికెట్ డబ్బులు కూడా ఇవ్వలేదు. ప్రయాణం ఆగిన కారణం ఆయన గుండె కాబట్టి, ఏ జబ్బూ లేని నాకు కూడా అదే కారణం వర్తిస్తుందన్నారు. చాలామందికి తెలియని ముక్క ఇదే. మళ్లీ కింద చెబుతాను.

ఆ రోజు రాత్రి డ్రాయరు వెతికితే బ్యాంకు ఏటేటా పంపిన ఉత్తరాలు దొరికాయి. 2013 మార్చి 31 నుంచి ఉన్న, ఇప్పుడు ఎఫ్‌సీఏ (బ్యాంకుల మీద, ఇన్సూరెన్సుల మీద నిఘా ఉంచే యూకే సంస్థ) చూసుకునే నియమం ప్రకారం, ఇలా ఇన్సూరెన్సులు కలిపి అమ్మే అకౌంట్లు ఇచ్చేటప్పుడు మనం క్లెయిమ్ చేసుకోవడానికి అర్హులమో కాదో బ్యాంకు చూడాలి, తర్వాత ఏడాదికోసారి ఆ అర్హత సరిచూసుకోమని రాసి పంపాలి. మాకూ పంపారు. ఆరోగ్యంలో మార్పు ఉంటే ఫోన్ చేయండి అని అందులో స్పష్టంగా ఉంది. నేను కవరు కూడా చింపలేదు. మీ ఇంట్లోనూ ఆ కవరు ఎక్కడో ఉంటుంది, ఇవాళే తీసి చదవండి.

ఫోన్‌లో అడిగే ప్రశ్నలకి జవాబులు జాగ్రత్తగా చెప్పండి. 2012లో వచ్చిన చట్టం ప్రకారం, అడిగినదానికి తగినంత జాగ్రత్తగా, తప్పు లేకుండా జవాబివ్వడం మన బాధ్యత. అజాగ్రత్త వల్ల పొరపాటు చెప్పామని తేలితే, నిజం తెలిసి ఉంటే ఎంత ప్రీమియం వేసేవాళ్లో అందులో మనం కట్టింది ఎన్నో వంతో, క్లెయిములో అన్నో వంతే ఇవ్వొచ్చు. అంటే 200 పౌండ్లు వేయాల్సిన చోట 100 కట్టి ఉంటే, 3,000 పౌండ్ల బిల్లుకి 1,500 వస్తాయి. నిజం తెలిస్తే అసలు కవరే ఇచ్చేవాళ్లం కాదని చూపిస్తే ఏమీ రాదు. కావాలని దాచారని తేలితే పాలసీ మొత్తాన్నే కొట్టేయొచ్చు.

కాబట్టి ఫోన్ చేసే ముందు మీవారి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) యాప్ తెరిచి, జీపీ రికార్డులో ఏం రాసి ఉందో చూసుకోండి. మనం మర్చిపోయినవి అందులో ఉంటాయి. మావారి రికార్డులో ఎప్పుడో పరీక్షలో బయటపడ్డ కొలెస్ట్రాల్ విడిగా ఒక జబ్బుగా రాసి ఉంది. మాత్రల చీటీ పక్కన పెట్టుకోండి. ఎన్ని మందులు వాడుతున్నారు, ఈ రెండేళ్లలో ఆసుపత్రిలో చేరారా, సిగరెట్ తాగుతారా, ఎంత దూరం ఆయాసం లేకుండా నడవగలరు, ఇంకా ఏవైనా పరీక్షల కోసం ఎదురుచూస్తున్నారా అని అడుగుతారు. ఆ చివరి ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించండి. రిజల్టు రాని పరీక్ష ఉంటే చాలా పాలసీలు దానికి కవర్ ఇవ్వవు, జబ్బు పేరు తేలకపోయినా సరే. మాకు ఫోన్ మీద ఇరవై నిమిషాలు పట్టింది, ఏడాదికి 86 పౌండ్లు అదనంగా కట్టమన్నారు. ఆ డబ్బు కట్టాక వచ్చిన ఉత్తరంలో ఆయన జబ్బులు ఒక్కొక్కటీ పేరుపేరునా ఉన్నాయో లేవో నేనే వేలు పెట్టి చూసుకున్నాను.

బుక్ చేశాక, బయల్దేరేలోపు ఏదైనా మారితే మళ్లీ ఫోన్ చేయాలి. కొత్త మాత్ర, డోసు మార్పు, స్పెషలిస్టు దగ్గరికి కొత్త రెఫరల్, ఏదైనా సరే. ఎక్కువ డబ్బు అడుగుతారనో, వద్దంటారనో భయపడి ఆగకండి. అప్పుడు వాళ్లు ఒప్పుకోకపోతే, అప్పటికే బుక్ చేసిన ప్రయాణానికి క్యాన్సిలేషన్ క్లెయిమ్ చేసుకోనిచ్చే పాలసీలు ఉన్నాయి. చెప్పకుండా వెళ్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మీవారికి స్టెంటు వేసి ఎక్కువ కాలం కాలేదు కాబట్టి బ్యాంకు ఇన్సూరెన్సు వాళ్లు గుండెకి కవర్ ఇవ్వం అనొచ్చు. నిరాశపడకండి. 2021 ఏప్రిల్ నుంచి, జబ్బు కారణంగా కవర్ నిరాకరించినా, ఆ జబ్బుని మినహాయించినా, పెద్ద మొత్తం అదనంగా వేసినా, జబ్బులున్నవాళ్లకి పాలసీలిచ్చే కంపెనీల జాబితా ఎక్కడుందో వాళ్లు మీకు చెప్పి తీరాలి. ప్రభుత్వ మద్దతుతో నడిచే ఉచిత సలహా సైటు మనీహెల్పర్‌లో ఆ జాబితా ఉంది, వాళ్లు చెప్పకముందే మీరు చూసుకోవచ్చు.

ఇక్కడే నేను పైన చెప్పిన ముక్క పనికొస్తుంది. మీవారికి మాత్రం విడిగా ఒక పాలసీ కొని, మీరూ పిల్లలూ బ్యాంకు పాలసీలో ఉండిపోదామని అనిపిస్తుంది, చవక కాబట్టి. వద్దండీ. ఆయన గుండె వల్ల ప్రయాణం ఆగితే ఆయన డబ్బు కొత్త పాలసీ ఇస్తుంది. మీ డబ్బు, పిల్లల డబ్బు మాత్రం గుండెని మినహాయించిన బ్యాంకు పాలసీ నుంచి రావాలి, అక్కడ రావు. ఆయన జబ్బుని ఒప్పుకున్న ఒకే పాలసీలో అందరూ ఉండండి. మీకు విడిగా పెద్ద ఖర్చు పడదు, ఆయన భాగమే ఎక్కువ. అలాగని బ్యాంకు అకౌంటు తొందరపడి మూసేయకండి, ఫోను ఇన్సూరెన్సు, కారు బ్రేక్‌డౌన్ కవర్ అందులోనే ఉంటాయి చాలావరకు.

మనవాళ్లకి ముఖ్యమైనది ఇంకొకటి. ప్రయాణం చేయని దగ్గరి బంధువుల ఆరోగ్యం. ఇండియాలో నాన్నగారికి కిడ్నీ జబ్బు ఉండి, ఆయనకి సీరియస్ అయి మీరు స్పెయిన్ వదిలి పరిగెత్తాల్సి వస్తే, బుక్ చేసేటప్పటికే ఆ సంగతి మీకు తెలుసు కదా అని క్లెయిమ్ ఆపే పాలసీలు ఉన్నాయి. మా అమ్మ విషయంలో నేను ఈ ప్రశ్న విడిగా అడిగి, జవాబు రాయించుకున్నాను. అత్తమామలు ఇండియా నుంచి వచ్చి మీతో స్పెయిన్ వస్తే వాళ్లకి బ్యాంకు పాలసీ వర్తించదు, ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే అది. ఇండియా ప్రయాణానికైతే ఒకే ట్రిప్పు ఎన్ని రోజులో చూడండి, 31 రోజులకే ఆపేసేవి చాలా ఉన్నాయి, మనం ఆరు వారాలు వెళ్తాం.

జీహెచ్ఐసీ కార్డు (యూరప్‌లో ప్రభుత్వ వైద్యానికి యూకేలో ఉండేవాళ్లకి ఇచ్చేది) కూడా అందరికీ తీసుకోండి, ఉచితం. స్పెయిన్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో అక్కడివాళ్లతో సమానంగా చూస్తారు, పాత జబ్బులకి కూడా. ప్రైవేటు ఆసుపత్రికి, ఇంటికి తిరిగి చేర్చడానికి అయ్యే ఖర్చుకి అది పనికిరాదు, అందుకే రెండూ ఉండాలి.

కిందటేడు స్పెయిన్‌లోని మలగాలో మావారికి రాత్రి ఛాతీలో బరువుగా ఉందన్నారు. అంబులెన్సు పిలిచాక, ఇన్సూరెన్సు వాళ్ల 24 గంటల నంబరుకి నేను ఫోన్ చేశాను. పాలసీ నంబరు చెప్పగానే ఫోనెత్తినావిడ తెర మీద చూసి, స్టెంటు, షుగరు, బీపీ డిక్లేర్ చేసి ఉన్నాయి కదా అంది. ప్రభుత్వ ఆసుపత్రికే తీసుకెళ్లమని చెప్పింది. మూడు రోజులు ఉంచారు, మందు మార్చి పంపారు. నేను ఉన్న హోటలు, కొత్త టికెట్లు వాళ్లే ఇచ్చారు. ఆ నంబరు, పాలసీ నంబరు ఒక కాగితం మీద రాసి ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ పెట్టండి. ఆ రాత్రి మావారి ఫోనులో ఛార్జింగ్ లేదు, నాకు ఆ కాగితమే దొరికింది.