ఫిఫ్త్ వీల్ ఎత్తు కొలిచాకే టైర్ల మాట

చిరంజీవి బుజ్జమ్మను మావయ్య ఆశీర్వదించి రాసేది.

నీ ఎం818, ఆ ట్రైలర్ లాగే పాత మిలిటరీ లారీ, లేచి నిలబడిందనీ, సెల్ఫ్ కొట్టగానే కమ్మిన్స్ ఇంజన్ అందుకుందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ మాటకి గుండె పొంగింది. వెంటనే "ఇప్పుడు దానికి 14.00 సైజు పెద్ద టైర్లు వేస్తుందట, ఆ తర్వాత ట్రైలర్ చూస్తుందట" అంది. పొంగిన గుండె అక్కడే ఆగిపోయింది. అందుకే ఈ ఉత్తరం. డబ్బు కట్టకముందే చదువు.

టైర్లు ఒక పని, ట్రైలర్ ఇంకో పని అనుకుంటున్నావు. కాదు తల్లీ. క్యాబిన్ వెనక గ్రీజు పూసుకుని కూర్చున్న ఫిఫ్త్ వీల్ ప్లేటు, అదే ట్రైలర్ ముక్కు కూర్చుని తగులుకునే ప్లేటు, ఉంది చూడు, నేల నుంచి దాని ఎత్తు ఎంతో అదే రెంటినీ కలుపుతుంది. టైరు మారిస్తే ఆ ఎత్తు మారుతుంది. ఆ ఎత్తు మారితే సరిపోయే ట్రైలర్ మారుతుంది.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. క్యాబిన్‌లో డేటా ప్లేటు చదువు. లాగగల బరువు తారురోడ్డుకి ఒకటి, గతుకుల నేలకి ఒకటి ఉంటుంది. బండీ ట్రైలరూ కలిపి రేటింగు 26,001 పౌండ్లు చేరి, అందులో ట్రైలర్ రేటింగు 10,000 దాటితే అమెరికాలో అది క్లాస్ ఎ లైసెన్సు లెక్క. సొంత వాడకానికి మినహాయింపు ఉందో లేదో ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి కొనకముందే అడుగు. వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు దాటకూడదు. ఎత్తు చాలా రాష్ట్రాల్లో 13 అడుగుల 6 అంగుళాలు.

ఇక అసలు తప్పు దగ్గరికి వస్తాను. ఈ ట్రాక్టర్ లారీలు, అంటే ట్రైలర్ లాగే లారీలు, బాగుచేసేవాళ్ళు మళ్ళీ మళ్ళీ చేసే తప్పు ఇదే. నువ్వూ దాని అంచునే ఉన్నావు.

నీ బండికున్న 11.00-20 టైరు వ్యాసం సుమారు 43 అంగుళాలు. 14.00ఆర్20 వ్యాసం సుమారు 49. వెనక ఎనిమిది జంట టైర్లు తీసి నాలుగు పెద్ద సింగిల్స్ వేస్తే బండి గంభీరంగా కనిపిస్తుంది, కాదనను. కానీ లెక్క చూడు. ఇరుసు 3 అంగుళాలు లేస్తుంది. దాంతో పాటే ఫ్రేమూ, ఫిఫ్త్ వీలూ, దాని మీద కూర్చునే ట్రైలర్ ముక్కూ 3 అంగుళాలు లేస్తాయి. టైరు పైఅంచు మాత్రం నేల నుంచి 6 అంగుళాలు లేస్తుంది. అంటే టైరు నెత్తికీ ట్రైలర్ అడుగుకీ మధ్య ఉన్న ఖాళీలో 3 అంగుళాలు పోయినట్టే. గుంటలో ఒక పక్క చక్రం దిగి రెండో పక్క చక్రం లేచినప్పుడు ఇరుసు అడ్డంగా వాలడానికి పెట్టిన ఖాళీ అది. మిలిటరీ ట్రాక్టర్ ఫిఫ్త్ వీల్ అంత ఎత్తున ఉండటానికి ఒక కారణం ఇదే. ఆ ఖాళీ తిన్నాక ఒక రోజు మలుపులో, గట్టు ఎక్కుతూ, టైరు వెళ్ళి ట్రైలర్ అడుగు క్రాస్ మెంబరుకి రాసుకుంటుంది. రబ్బరు వాసన వచ్చేసరికి పక్కగోడ కోసుకుపోయి ఉంటుంది.

అప్పుడేం చేస్తారంటే, ఎత్తు తగ్గిద్దామని ఫిఫ్త్ వీల్ కింద ఉన్న దిమ్మ తీసి ప్లేటు కిందికి దించుతారు. ఉన్న కాస్త ఖాళీ కూడా పోతుంది. దించకుండా వదిలేస్తే ట్రైలర్ ముక్కు పైకి లేచి నడుస్తుంది. సివిల్ ట్రైలర్లు ఎక్కువగా 47 అంగుళాల దగ్గర కూర్చునేలా కడతారు. అలాంటిదాన్ని 57 అంగుళాల ప్లేటు మీద ఎక్కించావనుకో, కింగ్‌పిన్‌కీ (ట్రైలర్ ముక్కు కింద ఉండి ఫిఫ్త్ వీల్‌లో బిగుసుకునే పిన్ను) వెనక ఇరుసులకీ మధ్య 22 అడుగులుంటే ఆ దూరంలో 10 అంగుళాల వాలు. బరువు వెనక ఇరుసు మీదికి జరుగుతుంది. జంట ఇరుసుల్లో ముందుది తేలికపడుతుంది. బ్రేకు తొక్కగానే తేలికైనదే మొదట బిగుసుకుంటుంది, టైరు ఒకచోట చదునుగా అరుగుతుంది. సరుకు ముందు అంచు ఎత్తు హద్దుకి దగ్గరవుతుంది. ట్రైలర్ కాళ్ళు కూడా అంత ఎత్తుకి చాలవు. విప్పేటప్పుడు నేలకి అందని కాళ్ళ కింద చెక్క దిమ్మలు పేర్చడం మొదలవుతుంది. ఆ దిమ్మ జారిందంటే ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. బ్రేకు డ్రమ్ము అదే, పట్టు అదే. కానీ చక్రం పెద్దదైతే నేల దగ్గర పనిచేసే ఆపే బలం వ్యాసార్ధానికి తగ్గట్టు పడిపోతుంది. 43 ని 49 తో భాగించు, పన్నెండో వంతు కాదు, నూటికి 12 వంతులు పోయింది. అదే సమయంలో ఇంజన్ అదే తిరుగుడుకి బండి 50 మైళ్ళకి బదులు 57 మైళ్ళు పోతుంది. వేగం పెరిగి, ఆపే శక్తి తగ్గి, వెనక ట్రైలర్ తోస్తూ ఉంటుంది. ఎం818 బ్రేకులు గాలి తోసే హైడ్రాలిక్, పైగా ఒకే సర్క్యూట్. ఒక్క గొట్టం పగిలితే బండి సొంత బ్రేకులన్నీ పోతాయి. అలాంటి బండికి ఉన్న బలం తగ్గించుకుంటావా? ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

కాబట్టి టేపు పట్టుకుని పని మొదలుపెట్టు. సమతలమైన నేల మీద, టైర్లలో రోడ్డుకి కావలసిన గాలి నింపి, ప్లేటుని మట్టంగా పెట్టి, ప్లేటు ఊగే పిన్నుల తిన్నగా దాని పైభాగం నేల నుంచి ఎంతో కొలువు. ఖాళీగా ఒకసారి, బరువు పడ్డాక ఒకసారి. స్ప్రింగులు కూర్చుంటాయి కదా. ట్రైలర్ దగ్గర దాని ఫ్రేము మీద మట్టపలక పెట్టి, కాళ్ళతో మట్టానికి తెచ్చి, కింగ్‌పిన్ ప్లేటు అడుగు నేల నుంచి ఎంతో కొలువు. బరువు మీద ఈ రెండూ ఒక అంగుళంలోపు కలవాలి.

టైరు మాటకొస్తే, 11.00ఆర్20 రేడియల్స్ జంటగానే ఉంచు. ముందు రెండు, వెనక ఎనిమిది, స్టెప్నీ ఒకటి, మొత్తం పదకొండు ఒకేసారి తీసుకో. పాత మిలిటరీ గళ్ళ టైర్లు బండికి అందమే, కానీ తడి రోడ్డు మీద పట్టు ఉండదు. రేడియల్‌నీ బయాస్‌నీ (పాత రకం అల్లిక టైరు) ఒకే ఇరుసు మీద కలపకు. టైరు మీద డాట్ అక్షరాల చివర నాలుగు అంకెలు చూడు. 2309 అంటే 2009 లో 23వ వారం. మూడే అంకెలుంటే 2000 కి ముందుది, ట్రెడ్డు ఎంత ఉన్నా వద్దు. జంటలో రెండు టైర్లకీ చుట్టుకొలత టేపుతో కొలువు. తేడా ముప్పావు అంగుళం దాటితే పెద్దదే బరువంతా మోసి వేడెక్కుతుంది, చిన్నది ఈడ్చుకుంటూ అరుగుతుంది.

ఇప్పుడు నాకు నిద్రపట్టనివ్వని సంగతి. నీ 20 అంగుళాల రిమ్ములకి లాక్ రింగు, అంటే టైరుని రిమ్ము మీద పట్టి ఉంచే విడి ఇనుప రింగు, ఉంటుంది. రింగు సరిగ్గా గాడిలో కూర్చోకపోతే, గాలి నిండుతుండగా అది ఫిరంగి గుండులా లేస్తుంది. చక్రం బండి నుంచి విప్పకముందే వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదులు. జంట చక్రమైతే రెండింటిదీ వదులు. లోపల తుప్పు పొరలుంటే వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకు. రింగు వంగినా, గాడి తినేసినా, వేరే రిమ్ము రింగు అయినా పారెయ్. ట్యూబు, ఫ్లాపు కొత్తవి వెయ్యి. గాలి ఎక్కించేది ఇనుప బోనులో పెట్టే. క్లిప్పుండే నోజిలు, పొడవాటి గొట్టం, మధ్యలో మీటరు, వాల్వు ఉండాలి, నువ్వు రింగుకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడాలి. గాలి ఉండగా రింగు మీద సుత్తి దెబ్బ ఒక్కటి కూడా వద్దు. ఉండాల్సిన గాలిలో 80 శాతానికో అంతకన్నా తక్కువకో పడిపోయిన టైరుతో నడిచి ఉంటే దానికి మళ్ళీ గాలి కొట్టకు, విప్పి చూడాలి. బోను లేదంటే ఆ పని ఉన్న షాపుకి ఇచ్చెయ్. నీ ధైర్యం నాకు తెలుసు. ఈ ఒక్క పనికి అది పనికిరాదు.

నన్నడిగితే, లాగడానికే బండి అయితే ఒకే ముక్కగా ఉండే 22.5 అంగుళాల ట్యూబ్‌లెస్ రిమ్ములకి మారు. 12ఆర్22.5 దాదాపు నీ 11.00-20 ఎత్తే. 11ఆర్22.5 ఇంకా సులువుగా దొరుకుతుంది, పైగా ఎత్తు ముప్పావు అంగుళం దాకా తగ్గుతుంది, ట్రైలర్‌కి అది మంచిదే. రిమ్ము పది స్టడ్లది, 11.25 అంగుళాల వృత్తంది, గుండ్రటి నట్టు కూర్చునే స్టడ్ పైలట్ రకం (నట్లే చక్రాన్ని మధ్యకి తెచ్చేది) కావాలి. హబ్బే చక్రాన్ని మధ్యకి తెచ్చే హబ్ పైలట్ రకానికీ అదే వృత్తం ఉంటుంది, చూడటానికి ఎక్కేస్తుంది కూడా. కానీ నట్టు కూర్చునే చోటు వేరు, అది వదులైపోతుంది. కలపకు. ఒక రిమ్ము తెచ్చి ముందూ వెనకా హబ్బులకి ఎక్కించి చూశాకే మిగతావి కొను.

బండి ఎడమ వైపు నట్లు ఎడమ మరవి. ఎటు తిప్పితే వదులవుతుందో తెలియక స్టడ్డు తెంచేవాళ్ళుంటారు, స్టడ్డు చివర ఎల్ అని ఉందేమో చూసుకో. జంట చక్రానికి లోపలి టోపీ నట్టు ముందు, బయటి నట్టు తర్వాత, 450 నుంచి 500 అడుగు-పౌండ్లు, ఎదురెదురుగా బిగించు. 50 నుంచి 100 మైళ్ళు తిరిగాక మళ్ళీ బిగించాలి. అప్పుడు ఒకటి విడిచి ఒకటి బయటి నట్టు వదులు చేసి, లోపలిది చూసి, బయటిది బిగించు. బయటి నట్టు మాత్రమే చూస్తే లోపలి చక్రం ఊగుతున్నా తెలియదు.

ట్రైలర్లలో నీ బండికి ఎం127 సరిపోతుంది. పక్కకి కర్ర గోడల సెమీ ట్రైలర్, నీలాంటి మిలిటరీ ట్రాక్టర్ల కోసమే కట్టినది. 11.00-20 టైర్లే, 24 వోల్టులే. ఒకే స్టెప్నీ రెంటికీ పనికొస్తుంది. ఇంకో బండిని మోసుకెళ్ళాలంటే లోతు బల్ల ఉన్న ఎం172 లాంటిది చూడు, కానీ దాని వంపు మెడ కింద నీ వెనక టైర్లు తిరిగే చోటు కొలవాలి. ఇంధనం ట్యాంకర్ల జోలికి పోకు. ఎంత కడిగినా ఆవిరి మిగిలే ఉంటుంది.

ఏది చూసినా కింగ్‌పిన్ 2 అంగుళాలదేనా అని కొలువు. కొన్ని భారీ ట్రైలర్లకి మూడున్నర ఉంటుంది. పిన్ను మెడ ఎనిమిదో వంతు అంగుళం అరిగితే మార్చాల్సిందే. మలుపు చోటు కూడా లెక్కకట్టు. 96 అంగుళాల వెడల్పు ట్రైలర్‌కి కింగ్‌పిన్ ముందు అంచు నుంచి 36 అంగుళాలు లోపలుంటే, మూల తిరిగే దూరం 60 అంగుళాలు. నీ ఫిఫ్త్ వీల్ మధ్య నుంచి క్యాబిన్ వెనక స్టెప్నీ దాకా అంతకన్నా బాగా ఎక్కువ ఉండాలి. లేకపోతే మొదటి రివర్సు మలుపులోనే మూల వెళ్ళి స్టెప్నీకి తగులుతుంది.

గాలి గొట్టాలు: ఎరుపు సప్లై, ట్రైలర్ ట్యాంకు నింపేది. నీలం సర్వీసు, బ్రేకు తొక్కినప్పుడు పనిచేసేది. 1975 కి ముందరి ట్రైలర్లకి స్ప్రింగు బ్రేకులు (గాలి పోతే స్ప్రింగుతో వాటంతటవే పట్టేవి) ఉండవు. గొట్టాలు తారుమారు చేసినా చక్రాలు తిరుగుతాయి, బండి కదులుతుంది, ట్రైలర్ బ్రేకులు మాత్రం ఉండవు. కదిలేముందు ఎరుపు గొట్టం లాగి చూడు. ట్రైలర్ బిగుసుకోవాలి. విప్పి నిలబెట్టినప్పుడు ట్యాంకులో గాలి కారిపోతే పట్టేది ఏదీ ఉండదు, అందుకని చక్రాలకి రెండు వైపులా చెక్కలు పెట్టు. అతుకుల మీద సబ్బు నీళ్ళు చల్లి బుడగలు చూడు. చిన్నప్పుడు సైకిలు ట్యూబు బకెట్లో ముంచి "ఇక్కడ మావయ్యా, ఇక్కడ" అని నాకన్నా ముందు నువ్వే పట్టేదానివి. అదే కన్ను పెట్టు.

సివిల్ ట్రైలర్ కొంటే దాని లైట్లు 12 వోల్టులు, నీవి 24. నేరుగా తగిలిస్తే బల్బులు పోతాయి, 1998 మార్చి తర్వాత కట్టినదైతే చక్రాలు బిగుసుకోకుండా చూసే యాంటీలాక్ బ్రేకుల పెట్టె కూడా పోతుంది. 24 నుంచి 12 కి మార్చే కన్వర్టరు పెట్టి, ఒక్కో లైటు తీగకి 24 వోల్టుల రిలే వెయ్యి, ఏడు పిన్నుల సాకెట్టు బిగించు. యాంటీలాక్ కోసం నీలం తీగ పిన్నుకి ఎప్పుడూ 12 వోల్టులు అందాలి. బ్యాటరీల్లో ఒక్కదాని నుంచి 12 లాగకు, ఒకటి ఎండిపోతుంది, ఇంకోటి ఉడుకుతుంది.

తగిలించేటప్పుడు ట్రైలర్ ముక్కు ప్లేటుకన్నా కొంచెం కిందే ఉండాలి. బండి వెనక్కి వస్తూ దాన్ని ఎత్తాలి. ముక్కు మరీ పైనుంటే పిన్ను ఫిఫ్త్ వీల్ దవడల మీదుగా పోయి పట్టినట్టే కనిపిస్తుంది. టార్చి వేసుకుని కిందికి దూరి దవడలు పిన్ను వెనక మూసుకున్నాయా, రెండు ప్లేట్ల మధ్య వెలుతురు కనబడకుండా ఉందా కళ్ళతో చూడు. కాళ్ళు ఎత్తకముందే ఒకసారి ముందుకి లాగి చూడు.

ఇప్పుడు నాకు రెండు అంకెలు రాసి పంపు: నీ ప్లేటు ఎత్తు బరువుతో ఎంత, చూస్తున్న ట్రైలర్ ప్లేటు ఎత్తు మట్టంగా ఎంత. తేడా అంగుళం దాటితే అడ్వాన్సు ఇవ్వకు. లాక్ రింగు రిమ్ముల గాలి పని మొదలుపెట్టేముందు ఒక్కసారి ఫోన్ చెయ్యి, వేళ ఏదైనా ఫర్వాలేదు, ఎత్తుతాను.

మీ మావయ్య