అడగండి చెబుతాం: ఆకాశానికి ఊదా రంగెందుకు లేదు?

ప్రశ్న: పొట్టి తరంగాలు గాలిలో ఎక్కువగా చెదురుతాయి కాబట్టే ఆకాశం నీలమంటారు. ఊదా తరంగాలు ఇంకా పొట్టివి కదా! మరి ఆకాశం ఊదాగా ఉండాలిగా?

జవాబు: పట్టుకోవాల్సిన చోటే పట్టుకున్నారు. బడి పుస్తకాల్లో వివరణ సాధారణంగా సగంలోనే ఆగిపోతుంది. నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు కాంతి తరంగదైర్ఘ్యం కంటే వెయ్యి రెట్లకు పైగా చిన్నవి. అంత చిన్న కణాల వల్ల జరిగే పరిక్షేపణం (కాంతి చెదరడం) తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుందని 1871లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త రేలీ తేల్చాడు. ఆ లెక్కన 650 నానోమీటర్ల ఎరుపు కంటే 450 దగ్గరి నీలం నాలుగు రెట్లకు పైగా, 400 దగ్గరి ఊదా దాదాపు ఏడు రెట్లు చెదరాలి. చెదురుతాయి కూడా.

కానీ ఎండలో అసలు ఊదా పాలే తక్కువ. వచ్చిన కాస్తలో కొంత మన కంటి లెన్సు మింగేస్తుంది. మిగతా కథంతా కంటి వెనక పొర రెటీనాలో నడుస్తుంది. అక్కడ మూడు రకాల శంకు కణాలున్నాయి. ఒకటి 420, ఒకటి 530, ఇంకోటి 560 నానోమీటర్ల దరిదాపుల్లో బాగా స్పందిస్తుంది. తన మీద పడ్డది ఏ తరంగమో ఏ కణానికీ తెలియదు, ఎంత స్పందించిందో అంతే చెబుతుంది. ఆ మూడు స్పందనలనూ పోల్చి చూసి మెదడు కట్టే తీర్పే రంగు. ఆకాశం నుంచి ఊదా, నీలంతో పాటు ఆకుపచ్చ, పసుపు, కాస్త ఎరుపు కూడా దిగుతాయి. ఈ కలగలుపుకి మూడు కణాలూ ఇచ్చే జవాబు, 475 నానోమీటర్ల చుట్టుపక్కల నీలానికి తెలుపు కలిపితే ఇచ్చే జవాబూ ఇంచుమించు ఒకటే. రెంటికీ తేడా కంటికి అందదు. కాంతిని రంగులవారీగా విడదీసి కొలిచే వర్ణపటమాపకం పెడితే మాత్రం ఊదా ఉన్న చోటే కనబడుతుంది.

ప్రశ్న: నీళ్లలో పాలు కలిపి టార్చి వేస్తే నీలం కనిపిస్తుందన్నారు. నాకంతా తెల్లగానే వచ్చింది.

జవాబు: పాలు ఎక్కువయ్యాయి. కణాలు కిక్కిరిస్తే కాంతి ఒకదాని మీంచి ఇంకోదాని మీదకు పదే పదే చెదిరి, చివరికి రంగులన్నీ కలిసే బయటికొస్తాయి. లీటరు నీళ్లకు చుక్క చుక్కగా వేసి కలుపుతూ చూడండి, పావు టీస్పూను దాటకముందే పని అవుతుంది. వెన్న తీసిన పాలైతే మేలు. కొవ్వు బిందువులు పెద్దవి, అన్ని రంగులనూ సమంగా చెదరగొడతాయి (మేఘాలు తెల్లగా ఉండేదీ ఇందుకే). నీలం పుట్టించేవి అంతకంటే ఎంతో చిన్నవైన కేసిన్ (పాల ప్రొటీన్) రేణువులు.

గది చీకటిగా ఉండాలి, పాత్ర వెనక నల్లగుడ్డ ఉండాలి. టార్చి మూతికి చిల్లు పెట్టిన అట్ట అడ్డుపెట్టి, సన్నటి కాంతిని పొడవాటి పాత్రలో నిలువునా పంపండి. పక్క నుంచి చూస్తే లేత నీలం, అవతలి కొస నుంచి చూస్తే నారింజ. పొట్టి గ్లాసులో నారింజ తేలదు, దారి చాలదు. పోలరైజ్డ్ కళ్లద్దాలుంటే పక్క నుంచి చూస్తూ వాటిని తిప్పండి, వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. సూర్యుడికి 90 డిగ్రీల దూరాన ఉన్న ఆకాశంలోనూ ఇదే కనిపిస్తుంది.

ప్రశ్న: సముద్రపు నీలం ఆకాశం నీడేనా?

జవాబు: కొంతే. 1921లో ఓడ ప్రయాణంలో సి.వి.రామన్ నికోల్ పట్టకంతో (పోలరైజ్డ్ కళ్లద్దాల్లా పనిచేసే స్ఫటికం) ఉపరితలం నుంచి పరావర్తనమయ్యే కాంతిని తొలగించి చూస్తే నీలం తగ్గకపోగా ఇంకా చిక్కబడింది. నీటి అణువులు కాంతిని చెదరగొట్టడం ఆయన చూపిన కారణం. నీరు ఎరుపును పీల్చేసుకోవడం అంతకంటే పెద్ద కారణమని ఇప్పుడు లెక్క. గ్లాసెడు నీళ్లలో ఆ పీల్పు కంటికి ఆనదు, కొన్ని మీటర్ల లోతు కావాలి.