కలుపు పాటను కత్తిరించే ముందు

కడప,
ఆదివారం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు చేసి వాట్సాప్‌లో పంపిన పాట నాలుగుసార్లు విన్నాను. మొదటిసారి ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. మీ అత్త పక్కనే తిరగమోత పెడుతోంది, సగం చెవిన పడలేదు. తర్వాత పాత హెడ్‌ఫోన్ వెతికి తీసి మూడుసార్లు విన్నాను. 48వ సెకను దగ్గర కలుపు పాట పాడే ఆ ముసలామె గొంతు రాగానే చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆమె ఎవరో నీకు తెలీదు, నాకు తెలుసు. పోయిన ఎండాకాలం నా క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానని అట్టపెట్టె మోసుకుపోయావు కదా, అందులోది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు పని సంగతి.

"యూట్యూబ్‌లో పెట్టేదా మామా?" అని అడిగావు. ఇప్పుడే వద్దు.

పాట మొదట్లో మల్లీశ్వరి పల్లవి ఉన్నదున్నట్టు పెట్టి, కింద డ్రమ్స్ కొట్టావు చూడు, అది తీసెయ్. బి.ఎన్.రెడ్డి మన జిల్లావాడే, ఆ సినిమా మీద మనకు మమకారం ఉంటుంది, అదంతా సరే. కానీ ఆ పల్లవి వినగానే జనానికి మల్లీశ్వరి గుర్తొస్తుంది, నువ్వు గుర్తురావు. నీ డ్రమ్స్ ఆగితే బాగుండు, అసలు పాట విందాం అనిపిస్తుంది. నాకు అదే అనిపించింది. శాంప్లింగ్‌లో, అంటే పాత రికార్డింగ్ ముక్కను కొత్త పాటలో వాడటంలో, నాసిరకం పని ఇదే: పాటను కాదు, పాటకున్న పేరును అరువు తెచ్చుకోవడం. వినాయక చవితి నిమజ్జనానికి ట్రాక్టర్ మీద డీజే పెట్టి పాత పాటలను ఉతికేస్తారే, అక్కడ దానికి తప్పు పట్టను. ఆ రాత్రికి అది చాలు. నువ్వు చేయాలనుకుంటున్నది అది కాదు కదా. కడప పెద్ద దర్గా ఉరుసుకు వచ్చే రెహమాన్ అంత నెమ్మదస్తుడు కూడా, 2020లో తన 'మసకలి' పాటకు ఎవరో కొత్త వేషం వేసినప్పుడు ఊరుకోలేదు. ఆ పాట వెనక ఎన్ని నిద్రలేని రాత్రులున్నాయో అందరికీ తెలిసేలా రాశాడు.

మంచి పని ఎలా ఉంటుందో చెప్తాను. మన 'మరో చరిత్ర'ను బాలచందర్ 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీశాడు. అందులో లతా మంగేష్కర్, మన బాలు కలిసి పాడిన 'తేరే మేరే బీచ్ మే' నువ్వు వినే ఉంటావు. లక్ష్మీకాంత్-ప్యారేలాల్ సంగీతం. ఇరవై ఏళ్లు దాటాక స్వీడన్ నిర్మాతలు ఆ పాటలోని వయొలిన్ల ముక్కలను కత్తిరించి, అతికించి, బ్రిట్నీ స్పియర్స్ 'టాక్సిక్'కు ముక్కుపుడక లాగా పెట్టారు. దానికి గ్రామీ కూడా వచ్చింది. లతా గొంతు జోలికి పోలేదు, బాలు గొంతు జోలికి పోలేదు. గొంతుల చాటున పరుగెత్తే ఆ వయొలిన్లను మనం ఇన్నేళ్లు విన్నామా? పాటను ప్రేమించాం గానీ ఆ ముక్కను విడిగా ఎప్పుడూ వినలేదు. ఎక్కడో మంచుదేశంలో కూర్చుని వాళ్లు విన్నారు. ఇళయరాజా 'దళపతి'లోని సంక్రాంతి పాటను ఎం.ఐ.ఎ. అనే గాయని 2007లో అలాగే వాడింది. అసలు పాట తెలిసినవాళ్లకు కూడా మొదట గుర్తుపట్టడానికి కాస్త టైమ్ పడుతుంది. ఆ టైమే ఆమె సంపాదన.

నీ చేతిలో సామాను ఎక్కువైపోయింది, అదొక ఇబ్బంది. 1987లో అమెరికాలో ఎస్పీ-1200 అనే శాంప్లింగ్ మిషన్ వచ్చింది. దానికి పట్టేది మొత్తం కలిపి 10 సెకన్లు. జాగా చాలక కుర్రవాళ్లు 33 స్పీడ్ ఎల్పీని 45 మీద తిప్పి ఎక్కించి, లోపల మళ్లీ నిదానం చేసేవాళ్లు. దాంతో శబ్దానికి ఇసుక రాసినట్టు ఒక గరుకుదనం వచ్చింది. ఇప్పుడు ఆ గరుకు కోసమే మీరు ప్లగిన్లని సాఫ్ట్‌వేర్లు కొంటున్నారు! పది సెకన్లే ఉంటే ఏ సెకను కావాలో ఏరుకోక తప్పదు. ఇక్కడ ఏడు రోడ్ల దగ్గర నా క్యాసెట్ షాపులో ఆ మిషన్ కూడా లేదు. డబుల్ డెక్ టేప్ రికార్డర్, దాని పాజ్ బటన్, అంతే. నాలుగు సెకన్ల ముక్కను పదహారుసార్లు వరుసగా అతికించాలంటే మధ్యాహ్నం మొత్తం పోయేది. వేలు ఒక్క వెంట్రుకవాసి ముందు పడితే మళ్లీ మొదటి నుంచి. అంత కష్టం ఉంటే చెత్త ముక్కను ఎవడు ఎంచుకుంటాడు? నీ ట్రాక్‌లో పదకొండు శాంపిళ్లు లెక్కపెట్టాను. మూడు ఉంచు.

ఇక ఆ కలుపు పాట. గొంతు ఎంచుకోవడంలో నీ చెవి మంచిదే, ఒప్పుకుంటాను. కానీ ఆ పాట తిశ్ర గతిలో నడుస్తుంది. వంగడం, పీకడం, విసరడం, మూడు పనులు, మూడు దెబ్బలు. తకిట తకిట. నువ్వు దాన్ని సాగదీసి నాలుగు దెబ్బల కిక్ డ్రమ్ కింద తొక్కిపెట్టావు. ఒక్కో వరుస చివర ఆమె పరుగెత్తి అందుకుంటున్నట్టు వినిపిస్తోంది, గమనించావా? చేలో ఆమె ఎప్పుడూ పరుగెత్తలేదు. నీ డ్రమ్స్‌నే ఆరు మీద నడిపించు, లేదంటే ఆ వరుసలోంచి ఒక్క 'ఓ' మాత్రం తీసుకో.

రెండోది, కత్తిరింపు. 'సెలకల్లో' అనే మాట చివర ఆమె గొంతు కిందికి జారుతుంది. ఆ జారుడు పూర్తి కాకముందే కత్తెర వేశావు. గమకం తల తెగి పడింది. మన పాటల్లో స్వరం నిలబడి ఉండదు, ఊగుతుంది. ఊపిరి తీసుకునే చోట కోయి, అక్కడే పాట తనంతట తాను విడిపోతుంది. ఆ ఊపిరి శబ్దాన్ని కూడా తీసెయ్యొద్దు. ఇంకొక మాట: శ్రుతి. నా టేప్ రికార్డర్‌లో బ్యాటరీలు సగం అయిపోయినప్పుడు రికార్డు చేసింది అది, అందుకే శ్రుతి రెండు మెట్ల మధ్య ఉంటుంది. ఆమె గొంతును లాగి నీ కీబోర్డ్‌కు కట్టొద్దు, కీబోర్డ్‌నే ఆమెకు ట్యూన్ చెయ్. గొంతును వేరు చేసే సాఫ్ట్‌వేర్ కూడా వాడినట్టున్నావు. నీళ్లలో మునిగి పాడినట్టుంది. వెనక గాలి, కాకి, పక్కనామె నవ్వు ఉంటే నీకేం నష్టం?

హక్కుల సంగతికి వస్తే ముందే చెప్తున్నాను, నేనేమీ సత్యహరిశ్చంద్రుణ్ణి కాను. కాగితం మీద పన్నెండు పాటలు రాసిస్తే ఎల్పీల నుంచి క్యాసెట్‌కు ఎక్కించి ఇచ్చి బతికినవాణ్ణి. ఎవరికి రాయల్టీ కట్టాను? అందుకే నా మాట కొంచెం అనుమానంగానే విను, కానీ విను.

"60 ఏళ్లు దాటిన పాటకు హక్కులుండవు" అని నీ ఫ్రెండ్ చెప్పాడన్నావు. సగమే నిజం. పాటకు రెండు తాళాలుంటాయి. ఒకటి రికార్డింగ్‌ది, అది విడుదలైన తర్వాత 60 ఏళ్లు. మల్లీశ్వరి 1951 నాటిది కాబట్టి ఆ తాళం ఊడిపోయి చాలా కాలమైంది. రెండోది బాణీది, సాహిత్యానిది. అది రాసినవారు పోయిన తర్వాత 60 ఏళ్లు. పాటలు రాసిన కృష్ణశాస్త్రి 1980లో పోయారు, అంటే 2040 దాకా. బాణీ కట్టిన సాలూరి రాజేశ్వరరావు 1999లో పోయారు, అంటే 2059 దాకా. అప్పటికి నీకు రిటైర్మెంట్ వయసు వస్తుంది.

ఈ రెండో తాళం మర్చిపోయి దెబ్బతిన్నవాళ్లు మామూలువాళ్లు కాదు. 1997లో ఇంగ్లండ్‌లో ది వర్వ్ అనే బృందం 'బిట్టర్ స్వీట్ సింఫనీ' చేసింది. రోలింగ్ స్టోన్స్ పాటకు ఎవరో చేసిన ఆర్కెస్ట్రా రూపంలోంచి ముక్క తీసుకున్నారు. రికార్డింగ్‌కు అనుమతి ఉంది. బాణీ హక్కులున్నవాళ్లు మాత్రం అడ్డం తిరిగారు. పాట ఊరూరా మోగింది, రచయిత రాబడి అవతలికి పోయింది. 2019లో మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ తమ వాటా వదులుకునేదాకా ఆ బృందం గాయకుడు రిచర్డ్ యాష్‌క్రాఫ్ట్‌కు ఆ పాట తనది కాదు. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాట 'అడిక్టివ్'లో లతా పాత హిందీ పాటను అడక్కుండా పరిచారు. నిజం చెప్పాలంటే పాట బాగుంటుంది, పని బాగాలేదు. దాని సంగీత దర్శకుడు బప్పీ లాహిరి పేరు వేయకుండా ఆ సీడీ అమ్మకూడదని అమెరికా కోర్టు చెప్పాల్సి వచ్చింది. పేరు వేయడానికి ఎంత ఖర్చవుతుంది?

కోర్టుకు పోగలిగినవాళ్ల కథలు ఇవి. పోలేనివాళ్లవి వేరే ఉన్నాయి. 1969లో ది విన్‌స్టన్స్ అనే బృందం పాటలో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ ఏడు సెకన్లలోపు ఒక దరువు వేశాడు. 'ఆమెన్ బ్రేక్' అంటారు. నీ సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒక ఫోల్డర్‌లో ఉండే ఉంటుంది, చూసుకో. వేల పాటలు దానిమీద నిలబడ్డాయి, ఇంగ్లండ్‌లో ఒక సంగీతం సంగీతమే దాన్నుంచి పుట్టింది. ముక్కను కొత్తగా వినడంలో అంతకంటే గొప్ప ఉదాహరణ నాకు తెలీదు. ఆ డ్రమ్మర్ మాత్రం రాయల్టీ కింద ఒక్క డాలర్ చూడకుండా 2006లో పోయాడు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు ఇచ్చారు, అదీ బృందం నాయకుడికి. ముక్కా ఒకటే. గొప్పదీ అదే, అన్యాయమైనదీ అదే.

ఇంకోటి. 1970 ప్రాంతంలో పసిఫిక్‌లో సాలమన్ దీవుల్లో అఫునాక్వా అనే ఆమె ఒక జోలపాట పాడితే హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు రికార్డు చేశాడు. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి జంట దాన్ని 'స్వీట్ లలబై'గా మార్చి లోకమంతా అమ్మింది. తర్వాత నార్వే శాక్సఫోన్ కళాకారుడు ఒకాయన అదే బాణీని ఆఫ్రికా పిగ్మీల జోలపాట అని పేరుపెట్టి వాయించాడు. ఆమె పేరు పోయింది సరే, ఆమె ఉన్న సముద్రమే మారిపోయింది. నువ్వు నాకు పంపిన ఫైల్ పేరు చూసుకున్నావా? 'ఫోక్ ఓకల్ 3 ఫైనల్'.

ఇప్పుడు ఆ మూడో నంబరు సంగతి చెప్తాను. కమలాపురం పక్క పల్లెలో, శెనక్కాయ చేలో, 1993లో ఆమె పాడితే నేను రికార్డు చేశాను. ఊరికే, ముచ్చటపడి. మరుసటేడు ఎన్నికలొచ్చాయి. ఒకాయన షాపుకొచ్చి జీపు మైకుకు మంచి ఊపున్న క్యాసెట్ కావాలన్నాడు. ఆమె 'ఓ' అనే పిలుపును పాజ్ బటన్‌తో పదహారుసార్లు అతికించి, మధ్యలో నినాదాలు పెట్టి ఇచ్చాను. 1,500 రూపాయలు తీసుకున్నాను. ఆ ఊళ్లో రెండు వర్గాలున్నాయని నాకు తెలుసు. ఆమె పెద్దకొడుకు అవతలి వర్గమని తెలీదు. అడిగితే కదా తెలిసేది.

జీపు వాళ్ల వీధిలో తిరిగింది. ఊరంతా గొంతు గుర్తుపట్టింది. నాలుగు రోజులకు ఆమె బస్సెక్కి షాపుకొచ్చింది. అరుస్తుందనుకున్నాను. మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగి, "నీకు పాడినా గానీ జీపుకు పాడినానా అబ్బయ్యా?" అంది. నేనేం చెప్పను? ఆ క్యాసెట్ పెట్టమంది. చెంప మీద చెయ్యి ఆనించుకుని చివరిదాకా వినింది. లేస్తూ, "ఒక్కమాట అడిగింటే ఇంగా మంచి పాట ఉండె, అది పాడేదాన్ని కదప్పా" అని పోయింది.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ మంచి పాట ఏదో నేనెప్పుడూ వినలేదు. మళ్లీ ఆ ఊరికి పోయే మొహం లేక పోలేదు, ఈలోగా ఆమె పోయింది.

జానపదం ఎవరి సొత్తూ కాదు అంటావేమో. పాట కాకపోవచ్చు, పాడిన తీరు ఆమెదే. మన చట్టంలో పాడినవారికి 50 ఏళ్ల హక్కు ఉంది. అంటే 2043 దాకా ఆ గొంతు వాళ్లింటిది.

ఆమె కూతురు కమలాపురంలో టైలరింగ్ చేస్తోందని వాకబు చేసి నిన్న ఫోన్ చేశాను. అమ్మ గొంతు ఉంది అనగానే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, వచ్చే ఆదివారం పొద్దున అయితే షాపులో జనం ఉండరు, రమ్మంది. శనివారం రాత్రికే అనంతపురం నుంచి బయల్దేరు. ముందు అసలు రికార్డింగ్ మొత్తం ఆమెకు వినిపిద్దాం, నీ పాట తర్వాత. వద్దంటే తీసెయ్యాలి, మొహం మాడ్చుకోవద్దు. సరేనంటే పేరు ఎలా వేయమంటుందో, వచ్చేదాంట్లో వాటా ఎంతో అక్కడే కాగితం మీద రాసుకుందాం. వాళ్లమ్మ పాటలు తనకూ కొన్ని వచ్చునంది, గొంతు మాత్రం అంత బాగుండదట. మైకు మర్చిపోవద్దు. బ్యాటరీలు కొత్తవి వేసుకో.

మీ అమ్మకు చెప్పు, చింతకాయ తొక్కు పంపిస్తానన్నది ఇంకా రాలేదని.

మీ మామ