డోపింగ్ గురించి రాస్తున్న నీకు

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక నిర్మాణం ఉన్న ఆక్సైడ్ల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ‘డోపింగ్ చేస్తే వాహకత పెరుగుతుంది’ అన్న వాక్యం కొట్టెయ్యి. డోపింగ్ అంటే స్ఫటికంలో ఒక మూలకం చోట ఇంకో మూలకాన్ని కొంత చేర్చడం. ఎవరి వాహకత? ఎలక్ట్రాన్లదా, ఆక్సిజన్ అయాన్లదా? అది తేలకుండా ముందుకు వెళ్ళకు.

లాంథనం స్థానంలో స్ట్రాన్షియం చేరిందనుకో. 3+ ఉన్నచోటికి 2+ వచ్చింది, ఒక ధనావేశం లోటు పడింది. ఆ లోటు ఎవరు పూడుస్తారన్నదే అసలు విషయం. లాంథనం మాంగనైట్‌లో మాంగనీసు పూడుస్తుంది. 3+ నుంచి 4+ అవుతుంది, హోల్స్ (ఎలక్ట్రాన్ లోటున్న చోట్లు) పుడతాయి, అవి ఆక్సిజన్ మీదుగా ఒక మాంగనీసు నుంచి ఇంకో మాంగనీసుకు గెంతుతాయి. ఎలక్ట్రాన్ వాహకత బాగుంటుంది. అయాన్ వాహకత చాలా స్వల్పం. లాంథనం గాలేట్‌లో గాలియం 3+ని వదలదు. అందుకని ఆక్సిజనే తప్పుకుని ఖాళీ మిగులుస్తుంది, పక్క అయాన్ అందులోకి దూకుతుంది. పాఠకుడికి లెక్క చూపించు: లాంథనంలో 0.2 వంతు స్ట్రాన్షియం, గాలియంలో 0.2 వంతు మెగ్నీషియం చేర్చితే లోటు 0.4. ఒక్కో ఖాళీ 2 పూడుస్తుంది కనుక ఫార్ములాలో ఆక్సిజన్ 3 నుంచి 2.8కి దిగుతుంది. ఇంతకు మించిన వర్ణన అక్కర్లేదు.

‘ఎంత కలిపితే అంత మేలు’ అని మాత్రం రాయకు. మోతాదు మించితే ఖాళీలు డోపెంట్లతో, అంటే చేర్చిన మూలకాలతో, జతకట్టి కదలడం మానేస్తాయి, అక్కర్లేని వేరే ఫేజ్‌లు (వేరే నిర్మాణపు పదార్థాలు) కూడా ఏర్పడతాయి. వాహకత ఒక శిఖరం దాకా వెళ్ళి పడిపోతుంది.

ఉష్ణోగ్రత చెప్పకుండా అంకె ఇవ్వొద్దు. 1994లో జపాన్ శాస్త్రవేత్త ఇషిహారా బృందం ప్రకటించిన ఈ గాలేట్ కుటుంబం 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెంటీమీటరుకు సుమారు 0.1 సీమెన్స్ (వాహకత కొలమానం) ఇస్తుంది. అది అయాన్లదేనని ఎలా తెలుస్తుందో కూడా రాయి: ఆక్సిజన్ పీడనం విస్తారంగా మార్చినా వాహకత మారకపోతే అయాన్లది, పీడనంతో పాటు పెరుగుతుంటే హోల్స్ వాటా ఉన్నట్టే. ఫ్యూయల్ సెల్‌లో అయాన్లను మాత్రమే దాటనివ్వాల్సిన ఎలక్ట్రోలైట్‌కు ఆ వాటా నష్టం, ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు అందించే కాథోడ్‌కు లాభం.

ల్యాబ్‌కు వెళ్ళినప్పుడు లాంథనం ఆక్సైడ్‌ను ఎలా తూచారో అడుగు. మన వానాకాలపు గాలిలో అది తేమ పీల్చి హైడ్రాక్సైడ్ అవుతుంది. పూర్తిగా మారితే తూచిన బరువులో 14 శాతం నీరే. లాంథనం తక్కువ పడి, డోపింగ్ నిష్పత్తే తప్పుతుంది. 1000 డిగ్రీల దగ్గర కాల్చి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చి, వెంటనే తూచాలి. ఆ వివరం వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

శుభాకాంక్షలతో.